సూదక్క సంచిలో వయల్

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఇది: మా వదిన రేపు పొద్దున డ్రిప్ ఎక్కించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళదు. నేను ఇంటికి తెచ్చిన ఉత్త వయల్‌ను, చిన్న ఖాళీ సీసాను, మందనుకుని, దాన్నే నమ్ముకుని, ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది.

ఆ వయల్ కోసమే ఇవాళ పొద్దున ఏడు గంటలకు నా చెయ్యి ఆమె సంచిలో ఉంది. ఆమె స్నానాల గదిలో ఉందనుకున్నాను. నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది కదా అని ధీమాగా ఉన్నాను. తీరా తల ఎత్తి చూస్తే, కుళాయి అలా తిప్పి వదిలేసి, పొడి తువ్వాలు భుజాన వేసుకుని, గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది.

"ఏం వెతుకుతున్నావమ్మా? అడిగితే నేనే తీసిస్తాను కదా."

గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది.

ఆమె మా ఆయనకు సొంత అక్క. ముప్పై ఏళ్ళు ఒక నర్సింగ్ హోంలో పనిచేసింది. ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఆమె సూది పడని చెయ్యి లేదంటే నమ్మాలి. అందుకే పేరు మరుగున పడిపోయి సూదక్క అయింది. రొమ్ములో క్యాన్సర్ గడ్డ బయటపడ్డాక మా ఇంటికి వచ్చింది. మూడు వారాలకు ఒక డ్రిప్. ఇప్పటికి ఆరయ్యాయి. ఎక్కించిన ప్రతిసారీ మూడు రోజులు మంచినీళ్ళు కూడా కడుపులో నిలవవు. రేపటిది ఏడోది.

వయల్ ఇచ్చేయమని అడిగాను. అది మందు కాదని, ఉత్తదని, లేబుల్ అంటించడం నేర్చుకోవడానికి నేను వాడినదని చెప్పాను.

"ఉత్తదైతే నేను లేనప్పుడు ఎందుకు తీస్తున్నావు? చెత్తబుట్టలోకి పోయేదాన్ని ఎవరైనా దొంగతనం చేస్తారా?"



అసలు తప్పంతా నాదే. నేను పనిచేసేది ల్యాబుల్లో పరిశోధనలకు వాడే ప్రొటీన్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో. నాది లేబుళ్ళ గది. చేరిన కొత్తలో వంకరగా అంటిస్తున్నానని, సరుకు లెక్కలు చూసే మా లెక్కల మేడం ఇరవై ఖాళీ వయల్స్, ఒక పాత లేబుళ్ళ చుట్ట చేతికిచ్చి, ఇంట్లో కూర్చుని చెయ్యి తిప్పుకోమంది. పని వచ్చాక లేబుళ్ళు చింపేసి అన్నీ తిరిగి తెమ్మంది. పదిహేనింటికి చింపాను, తిరిగిచ్చాను. మిగతా ఐదూ మా పిచ్చుక బొమ్మల డబ్బాలోకి వెళ్ళిపోయాయి. పిచ్చుక అంటే నా కూతురు, ఐదేళ్ళది. చిటికెనవేలిలో సగం ఉండే ప్లాస్టిక్ వయల్స్, బుల్లి మరమూతలు. పిల్లకు ముద్దొచ్చాయి. నేనూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

లేబుల్ మీద పేరు చాంతాడంత ఉంటుంది. రీకాంబినెంట్ హ్యూమన్ అని మొదలై, రిసెప్టర్ టైరోసిన్ కైనేజ్ అని ఎక్కడో ముగుస్తుంది. తొమ్మిదో తరగతిలోనే చదువు ఆగిపోయినదాన్ని, కూడబలుక్కుని చదవడానికే నాకు వారం పట్టింది. అందుకే కిందటి వారం వదిన ఆసుపత్రి ఫైల్లో అదే పేరు కనపడగానే ఆనందం పట్టలేకపోయాను. ఈ పేరు నేను రోజుకు రెండొందల సార్లు అంటిస్తాను వదినా అని, భోజనాల దగ్గర గొప్పగా చెప్పాను. అంతటితో ఆగానా, లేదు. మా దగ్గర ఒక వింత ఉందన్నాను. ప్రొటీన్‌ను కంటికి ఆననంత పల్చగా ఎండబెడతారు, కొత్తగా చేరినవాళ్ళు ఖాళీ వయల్ అనుకుని పారేస్తుంటారు, అందుకే మొదటి రోజే నేర్పుతారు, ఖాళీగా కనపడేదే నిండుది అని.

మా ఆయన నవ్వాడు. పిల్ల నవ్వింది. వదిన ఒక్కతే నవ్వలేదు.

మర్నాడే బొమ్మల డబ్బాలోంచి ఒక వయల్ మాయమైంది.

ఇవాళ పొద్దున ఆమెతో చాలా వాదించాను. సూది మందు సీసాకు రబ్బరు మూత ఉంటుంది, దీనికి మరమూత ఉంది, ఆ సంగతి మీకంటే ఎవరికి బాగా తెలుసు అన్నాను. తను పనిలో చేరినప్పుడు సూదులు ఉడకబెట్టేవాళ్ళమని, ఇప్పుడు ఎవరైనా ఉడకబెడుతున్నారా అని ఎదురడిగింది. పరిశోధనకు మాత్రమేనని దీని మీదే రాసి ఉందన్నాను. మందుల పెట్టెల మీద రాసిందంతా చదివితే ఎవరూ ఏ మందూ వేసుకోరంది.

అప్పుడు మంచం అంచున కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లకు చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"డాక్టరు నన్ను ప్రొటీన్ తినమన్నాడా లేదా? గుడ్లు తిన్నాను, పప్పు తిన్నాను, పాలు తాగాను. ఏదీ నిలవలేదు. ఇది గుడ్డులోది కాదు, పాలలోది కాదు. మనిషిదని రాసి ఉంది. పైగా నా ఫైల్లో ఉన్న పేరే. ఇంకేం కావాలి నాకు?"

"లోపల ఏమీ లేదు వదినా. కిటికీ దగ్గర పెట్టి చూడండి."

"చూశాను. ముందు ఏమీ కనపడలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే అడుగున తెల్లగా, సన్నటి పొర. నువ్వు చెప్పినట్టే ఉంది."

ఉత్త వయల్‌లో పొర ఎలా వస్తుంది? ఆ ఇరవైలో పొరపాటున ఒక నిండుది కలిసిందా? నేను తెచ్చింది నిజంగా ఉత్తదేనా?

నా ముఖంలో ఆ అనుమానం ఆమె చూసింది. ముప్పై ఏళ్ళు రోగుల ముఖాలు చూసిన మనిషి. సంచి భుజాన తగిలించుకుని, స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మా ఆయన ఇదంతా వసారాలో నిలబడి విన్నాడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. పని మీద వెళ్ళాల్సినవాడు, బూట్లు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నేను మెట్లు దిగుతుంటే వెనకాలే వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఒకవేళ నిజంగానే నిండుదైతే?"

నా ఉద్యోగం పోతుందని దిగులు పడుతున్నాడనుకున్నాను. ఎలాగో సర్దుకుంటాను లెండి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అది కాదు. నిండుదైతే, పనిచేస్తుందేమో అంటున్నాను."

నేను మెట్టు మీదే ఆగిపోయాను.

"అలా చూడకు. ఆరు డ్రిప్పులప్పుడూ నువ్వు పనికి వెళ్ళావు. వాంతులకు బకెట్ పట్టుకున్నది నేను."

ఇవాళ పని మానేసి అక్క దగ్గరే ఉంటానన్నాడు. అది విని నా మనసు కాస్త కుదుటపడింది. ఎంత తెలివితక్కువదాన్నో ఇప్పుడు తెలుస్తోంది.

కంపెనీలో నా ప్రశ్నలకు నవ్వకుండా జవాబు చెప్పేది ఒక్క మనిషే. రోజంతా చల్లగది లోపలికీ బయటికీ తిరుగుతూ, మండుటెండల్లో కూడా ఉన్ని టోపీ పెట్టుకుంటుంది కాబట్టి ఆమెను మేమంతా చలి మేడం అంటాం. ప్రొటీన్ శుద్ధి చేసేది ఆమే. ఆమె చేతి తొడుగులు విప్పేదాకా ఆగి, దాచకుండా మొత్తం చెప్పేశాను.

ముందు నా దగ్గర మిగిలిన లేబుల్ ముక్క మీద నంబరు అడిగింది. రిజిస్టరు తీసింది. ఆ లేబుళ్ళు రెండేళ్ళ కిందట అయిపోయిన తయారీవని, ఆ తయారీలో ప్రతి వయల్‌కూ లెక్క ఉందని, నాకిచ్చిన ఇరవై అట్టపెట్టెలోంచి నేరుగా తీసిన కొత్తవని, వాటిల్లో ఎవరూ ఏమీ నింపలేదని చెప్పింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

అయితే ఆ పొర ఏంటన్నాను.

"తెలీదు. అదే నాకు నచ్చడం లేదు. మన ప్రొటీన్ అయితే కనీసం ఏంటో నాకు తెలుస్తుంది."

పోనీ మన ప్రొటీనే అయితే ఏమయ్యేదని అడిగాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. మన ఒంట్లో కణాల పైన చెవుల్లాంటివి ఉంటాయట. బయటి కబురు విని లోపలికి చేరవేస్తాయి, పెరుగు, పెరుగు అని. వదిన గడ్డలో ఆ చెవులు లెక్కకు మించి ఉన్నాయి. ఆసుపత్రి డ్రిప్ వెళ్ళి ఆ చెవులను మూస్తుంది. మేము ఇక్కడ వేరే కణాలతో చేయించి, శుద్ధి చేసి, ఎండబెట్టి పంపేది విడి చెవి. కొత్త మందు కనిపెట్టేవాళ్ళు అది చెవికి అంటుకుంటుందా లేదా అని చూసుకోవడానికి కొనుక్కుంటారు.

"అంటే మా వదిన మూసేదాన్ని వదిలేసి, చెవిని ఎక్కించుకుంటానంటోంది."

"అంతే. అదీ ఎంత? ఒక ఉప్పు రవ్వను ఆరు ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. దానివల్ల గడ్డ కరగదు. మనుషులకు ఎక్కించేంత శుభ్రంగా మనం చెయ్యం కాబట్టి జ్వరం రావచ్చు, ఊపిరి అందకపోవచ్చు. ఏమవుతుందో ఎవరూ చూడలేదు." టోపీ సర్దుకుని మళ్ళీ అంది. "కానీ నువ్వు వయల్ కంటే రేపటి డ్రిప్ గురించి ఎక్కువ భయపడు. ఇది పనిచేస్తోందని నమ్మి ఆమె అది మానేసిందనుకో, మూసిన చెవులు మళ్ళీ తెరుచుకుంటాయి."

రేపు ఎన్నింటికని అడిగింది. తొమ్మిదింటికన్నాను. ఆ పొర ఏంటో తేల్చుకో, వెంటనే ఇంటికి వెళ్ళు అంది. లెక్కల మేడం దగ్గర సెలవు అడిగితే ఆవిడ ఒంటికాలి మీద లేచింది. ఐదు వయల్స్ లేబుళ్ళతో సహా బయటికి వెళ్ళాయని నా చేతే కాగితం మీద రాయించుకుంది. రాసిచ్చి వచ్చేశాను.

ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటింది. పిల్ల బడి నుంచి వచ్చి బొమ్మలు పరుచుకుని కూర్చుంది. మా ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు. గుమ్మం దగ్గర వదిన చెప్పులు లేవు.

ఆమె మంచం మీద దుప్పటి నలుచదరంగా మడత పెట్టి ఉంది. దాని మీద ఆసుపత్రి ఫైలు. ఆ ఫైలు లేకుండా ఆసుపత్రిలో ఆమెకు చుక్క మందు ఎక్కించరు. తెలిసే వదిలేసి వెళ్ళింది.

ఎక్కడికని అడిగితే, తెలిసినవాళ్ళింటికి వెళ్ళొస్తానందని మా ఆయన నేల చూస్తూ చెప్పాడు.

నేను పిల్ల పక్కన చతికిలబడ్డాను. బొమ్మల డబ్బాలోంచి నాలుగు వయల్స్ తీసి వరసగా నిలబెట్టాను. ఒక్కొక్కటీ వెలుతురుకు ఎత్తి చూశాను. నాలుగూ నిర్మలంగా ఉన్నాయి. ఐదోదాంట్లో ఏముండేదే అని అడిగాను.

"బొమ్మ మందు."

"ఏం మందమ్మా?"

"నీ పౌడర్. బొమ్మకి జ్వరమొచ్చింది కదా, కొంచెం పోశాను. ఎక్కువైపోయిందని మళ్ళీ దులిపేశాను. అత్త అడిగింది, ఇందులో ఏముందే అని. మందు అని చెప్పాను." నా ముఖం చూసి పిల్ల గొంతు చిన్నదైపోయింది. "తప్పా అమ్మా?"

తప్పు కాదన్నాను. అద్దం ముందు ఉండే ముఖం పౌడర్. అది నరంలోకి వెళితే ఏమవుతుందో చెప్పడానికి చలి మేడం అక్కర్లేదు.

కుర్చీ కిర్రుమంది. మా ఆయన లేచి నిలబడ్డాడు. మనిషి పాలిపోయాడు.

"నేనే కొనిచ్చాను," అన్నాడు.

"ఏంటి?"

"సిరంజి. కలుపుకునే నీళ్ళు. పొద్దున నువ్వు వెళ్ళాక అడిగింది. ముప్పై ఏళ్ళు ఊరందరికీ వేసినదాన్ని, నాకు నేను వేసుకోలేనా, నువ్వు షాపుకి వెళ్ళి తెచ్చిపెట్టు చాలు అంది. తెచ్చాను."

అక్కతో ఉంటానన్నది ఇందుకేనా అని అడిగాను. నమ్మి వదిలి వెళ్ళానన్నాను. మీ చేతులతోనే పంపించారన్నాను. అనకూడని మాటలు ఇంకా రెండు అన్నాను, అవి ఇక్కడ రాయను.

ఆయన ఒక్కటే అన్నాడు.

"తెచ్చింది నువ్వు."

అంతే. పిచ్చుక మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నాలుగు వయల్స్‌నూ తీసుకొచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఇంకెప్పుడూ ఆడనంది.

వదిన ఫోను స్విచాఫ్. మా ఆయన చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా వెతకడానికి బయల్దేరాడు. పాత నర్సింగ్ హోం, మందుల షాపులు, ఆమె ఇదివరకు అద్దెకున్న వీధి. అరగంటకోసారి ఫోను చేసి, లేదు అని ఒక్క ముక్క చెప్పి పెట్టేస్తున్నాడు.

నాలుగు గంటలకు ఆమే ఫోను చేసింది.

పిల్ల అన్నం తిందా అని అడిగింది. తిందన్నాను. ఎక్కడున్నారంటే చెప్పలేదు. వెనక ఎక్కడో గిన్నెలు కడుగుతున్న చప్పుడు, రేడియోలో ఏదో పాట.

"వదినా, అందులో ఉన్నది పౌడర్. పిచ్చుక పోసింది, బొమ్మకి. దాని మాట మీరే వినండి, ఫోను ఇస్తాను."



"పిల్లకి అబద్ధాలు నేర్పకు," అంది.

"ఒట్టు వదినా. దాని మీద ఒట్టు."

"దాని మీద ఒట్లు పెట్టకు." ఈసారి గొంతు కటువుగా ఉంది. తర్వాత మెత్తబడింది. "నా గురించి బెంగపెట్టుకోకు. ఇంకా వేసుకోలేదు. చెయ్యి వణుకుతోంది, నరం దొరకడం లేదు. ఊరందరి నరాలూ కళ్ళు మూసుకుని పట్టినదాన్ని, నాది నాకు దొరకడం లేదు చూడు. కాస్త వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటే పైకి తేలుతుంది."

"రేపు ఆసుపత్రికి రండి. డ్రిప్ ఎక్కించుకోండి. ఆ తర్వాత మీ ఇష్టం వచ్చింది చేయండి, అడ్డం రాను. బకెట్ నేను పట్టుకుంటాను. పని మానేస్తాను."

ఆమె ఏదో అనబోయింది. నిజంగా అనబోయింది, నాకు తెలుసు. అంతలో అటువైపు ఎవరో ఆడమనిషి గొంతు, దగ్గరగా, ప్రేమగా, "సూదక్కా, నీళ్ళు కాగాయి, పట్టుకురానా?" అంది.

ఫోను ఆగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

అంటే ఆమె ఒక ఇంట్లో ఉంది. ఎప్పుడో ఆమె చేత సూది వేయించుకున్నవాళ్ళ ఇంట్లో. ఎందుకొచ్చావని వాళ్ళు అడగరు. వేడినీళ్ళు ఎందుకని కూడా అడగరు. అలాంటి ఇళ్ళు ఎన్ని వందలున్నాయో మా ఆయనకు తెలియదు, నాకు అసలే తెలియదు.

అందుకే ఇదంతా రాసి, ఈ చుట్టుపక్కల వీధులవాళ్ళందరినీ అడుగుతున్నాను. బక్కగా, పొడుగ్గా, తలకు రుమాలు కట్టుకున్న పెద్దావిడ ఒకరు ఈ సాయంత్రం మీ ఇంట్లో గాని, మీ పక్కింట్లో గాని ఉంటే, ఆమె సంచి లాక్కోకండి. లాక్కుంటే మొండికేస్తుంది, వేరే ఇంటికి వెళ్ళిపోతుంది. వాదించకండి, ఆమెతో మీరు గెలవలేరు. ఆమె ఉన్న గదిలోకి వెళ్ళి, ఎలా ఉన్నావక్కా అని అడగండి. బాగానే ఉన్నానంటుంది. ఆ మాట విని వెనక్కి రాకండి. లైటు వేసి, పక్కన కూర్చుని, ఎడమ చేతి మడత దగ్గర సూది గుర్తు ఉందేమో ఒక్కసారి చూడండి.